ఉతికితే పోయే రంగు

ద్వారకా నగర్‌లో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. పొద్దున్నే దాని గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే సూర్యకాంతమ్మ కళ్ళు కప్పి పిల్లి కూడా వీధిలోకి పోలేదు. పేరుకు వార్డెనే గానీ, ఆవిడ చెలాయించే అధికారం కలెక్టరుకైనా ఉండి ఉండదు. ఎవరి జడలో ఏం పూలున్నాయి, ఎవరి ముఖం ఎందుకు వాడింది, అన్నీ ఆవిడకే కావాలి. ముప్ఫై నిండకుండానే మొగుడు పోయాడు. అన్నగారింట్లో చాలా ఏళ్ళు వంట చేసి, వదినతో పడలేక ఈ ఉద్యోగంలో చేరింది. ఆనాటి నుంచీ ఆవిడ ఒంటి మీద తెల్ల మల్లు చీర తప్ప మరోటి ఎవరూ చూడలేదు. తన బట్టల్లో చూసుకోవడానికి ఏమీ లేదు గనకనేమో, ఇతరుల బట్టలు మహా శ్రద్ధగా చూసేది.

అలాంటి ఆవిడకే అంతుపట్టని పిల్ల ఒకర్తి ఎనభై మూడో సంవత్సరం వేసవిలో వచ్చి చేరింది. పేరు పోతమ్మ. పూడిమడకలో చేపలు పట్టుకునేవాళ్ళ పిల్ల, వాళ్ళ పల్లెలో టైపు నేర్చిన మొదటి ఆడపిల్ల. పోర్టు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసులో కొత్తగా పని దొరికింది, ఇంకా ఖాయం కాలేదు. వచ్చిన రోజు ఆ పిల్ల చంకన ఉన్న రేకు పెట్టె చూసి సూర్యకాంతమ్మ జాలిపడింది. మహా అయితే మూడు చీరలు పడతాయి ఆ పెట్టెలో.

మర్నాడు ఎర్రంచు బూడిద రంగు చీరలో గేటు దాటింది పోతమ్మ. ఆ మర్నాడు పచ్చంచు చీర. తరవాత నీలం కుచ్చిళ్ళ మీద గళ్ళ పైట. వారం తిరిగేసరికి వంగపండు రంగు. పై వారం ఉల్లిపొర రంగు, అదీ కుడి భుజం మీద పైట వేసుకుని, బొంబాయి నుంచి ఇప్పుడే రైలు దిగినట్టు. రోజూ ఇస్త్రీ మడతలు, రోజూ వేరే జాకెట్టు. సూర్యకాంతమ్మ మొదట నవ్వుకుంది, తరవాత లెక్కపెట్టింది, ఆ తరవాత లెక్క తప్పి చేతులెత్తేసింది. ఆ పిల్ల మెట్లు దిగే వేళకు కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ ఎదురుచూడటం అలవాటైంది ఆవిడకు. ఆ సంగతి ఎవరైనా అడిగి ఉంటే మాత్రం చెప్పు తీసుకుని ఉండేది.

అంతలో పద్మావతి చీర పోయింది.

పద్మావతి బ్యాంకులో చేస్తుంది, పై అంతస్తు గదిలో ఉంటుంది. హాస్టలు చాకలి చలమయ్యకు ఉతకడానికి వేసిన చిలకపచ్చ వాయిలు చీర మూటలో తిరిగి రాలేదు. శనివారం సాయంత్రం ఆ పిల్ల ఏకంగా హాస్టలు యజమాని గంగరాజు ముందే గొంతెత్తింది.

"నా చీర గురువారం పోతమ్మ ఒంటి మీద చూశానండీ. చిలకపచ్చ, అంచు లేదు, అచ్చం అదే. చలమయ్య అద్దెకిచ్చుంటాడు. లేకపోతే ఆ పిల్లకి రోజుకో చీర ఎక్కణ్ణించి వస్తుందీ?"

చాకలివాళ్ళు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఒకరి బట్టలు ఇంకొకరికి అద్దెకిస్తారని ఊళ్ళో ఒక మాట ఉంది. నిజం ఎంతో ఎవరికీ తెలియదు, నమ్మకం మాత్రం అందరికీ ఉంది. చలమయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "నా పిల్లల మీదొట్టు బాబూ, నాను ఎవులికీ అద్దెకివ్వలేదు. సీర ఏదో మూటలో కలిసిపోనాది, ఎతుకుతన్నాను."

గంగరాజు వినలేదు. "సోమవారం పొద్దున్న వస్తాను సూర్యకాంతమ్మ గారూ. ఆ పిల్ల పెట్టె గేటు బయట ఉండాలి. చాకలిని కూడా మార్చెయ్యండి," అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చే ఇల్లు ఊళ్ళో మరొకటి దొరకని రోజులవి. పూడిమడక నుంచి రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. హాస్టలు పోతే ఉద్యోగం పోయినట్టే, దొంగ అన్న పేరు ఊరుదాకా ముందే చేరుతుంది. ఇదంతా సూర్యకాంతమ్మకు తెలుసు. తెలిసే, ఆదివారం పొద్దున్న పోతమ్మ గది తలుపు తట్టింది.

"పెట్టె తియ్యవే."

ఇంట్లో కట్టుకునే పాత లంగా ఓణీలో, పోతమ్మ ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బించుకుని ఉంది. పెట్టె తెరిచింది. రెండు చీరలు, రెండు జాకెట్లు, రెండు లంగాలు, ఉతికి మడతపెట్టిన తెల్ల మల్లు చీర ఒకటి. అంతే. సూర్యకాంతమ్మ అడుగున పరిచిన కాగితం కూడా ఎత్తి చూసింది.

"మిగతావేవీ?"

"ఇయ్యేనండి అమ్మగోరూ. ఇంకేటీ లేవు."

"నాతోనా వేషాలు? ఎర్రంచు చీరేదీ, పచ్చంచు చీరేదీ?"

పోతమ్మ బూడిద రంగు నేత చీర విప్పి మంచం మీద పరిచింది. ఒక అంచు ఎరుపు, రెండో అంచు పచ్చ. "గంగాజమున అంచండి ఇది. ఎరుపు కిందకి కడితే ఒక సీర, తిప్పి పచ్చ కిందకి కడితే ఇంకో సీర. కొంగుని లోపల దోపి, ఇటేపు కొన పైటేసుకుంటే మరో రకం." అంటూనే చుట్టుకుంది, విప్పింది, తిప్పి మళ్ళీ చుట్టుకుంది. చూస్తూ ఉండగానే ఎర్రంచు పిల్ల పోయి పచ్చంచు పిల్ల నిలబడింది.

రెండో చీర అసలు ఒక చీరే కాదు. వాళ్ళమ్మ గళ్ళ చీర సగం, తన పాత నీలం చీర సగం, చిరగని ముక్కలు చూసి జోడించి కుట్టినది. ఒక కొన లోపల దోపితే రెండోది పైటవుతుంది. జాకెట్టు తిరగేస్తే లోపలివైపు కూడా బయటివైపే, ఒకవైపు నలుపు, ఒకవైపు మెరూను. కుట్టు కనిపించదు.

"ఇంత తంటా ఎందుకే నీకు? ఉన్నవి కట్టుకుంటే ఎవరేమంటారు?"

"ఎవులూ ఏటీ అనరండి. నాకే సరదా." పోతమ్మ ముక్కు తుడుచుకుని, నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి కొంచెం నవ్వింది. "మా పల్లెలో సముద్రం ఒక్క రోజు కట్టిన రంగు మర్నాడు కట్టదండి. దాన్ని సూసి పెరిగాను."

"బాగానే ఉంది. మరి ఆ చిలకపచ్చ?"

పోతమ్మ తెల్ల మల్లు చీర చేతిలోకి తీసుకుంది. "ఇదేనండి. వంగపండు ఇదే, ఉల్లిపొరా ఇదే. పాతూళ్ళో ఆమినాబీ అని ఉందండి, దుపట్టాలకి రంగులేస్తాది. ప్రతి ఆదివారం ఎల్తాను. వారంలో రెండు రోజులు కట్టి, శనివారం ఉతికితే మళ్ళీ తెలుపే."

"పద," అంది సూర్యకాంతమ్మ. "నా కళ్ళతో చూస్తే గానీ నమ్మను."

బస్సు దిగి పాతూరి సందుల్లో నడిచారు. ఆమినాబీ ఇంటి వాకిలే ఆవిడ కార్ఖానా. సత్తు గిన్నెల్లో నీళ్ళు, చిన్న చిన్న సీసాల్లో పొడులు, తాళ్ళ మీద ఆరుతున్న దుపట్టాలు. ఆమినాబీకి సూర్యకాంతమ్మ ఈడే ఉంటుంది. వేళ్ళు మణికట్టు దాకా ఏ రంగో చెప్పలేని రంగులో ఉన్నాయి.

"ఆవో బేటీ, ఈ వారం ఏ రంగు? నిమ్మపండు వెయ్యనా?"

"మొన్నటి చిలకపచ్చ వెయ్యి నానీ. అమ్మగోరు సూడాలట."

ఆమినాబీ వేడినీళ్ళ గిన్నెలో చిటికెడు పసుపుపచ్చ పొడి, చిటికెడు నీలం పొడి వేసి, గుప్పెడు ఉప్పు వేసి కలిపింది. తెల్ల చీర మూల ఒకటి ముంచి ఎండకు పట్టి చూసింది, పెదవి విరిచింది, ఇంకాస్త పసుపు వేసింది. అప్పుడు చీరంతా ఒక్కసారి ముంచి తీసింది. సూర్యకాంతమ్మ ఒక అడుగు ముందుకేసింది. చిలకల గుంపు ఒక్కసారి లేచినట్టు ఆ గిన్నెలోంచి పచ్చదనం లేచింది. ఆమినాబీ ఒక కొన పట్టుకుంది, పోతమ్మ రెండో కొన పట్టుకుంది, ఇద్దరూ గాలిలో ఆ చీరను విసురుతూ ఆరబెట్టారు. సముద్రపు గాలి కింద దూరి దాన్ని ఎత్తింది. ఆ పచ్చ నీడ సూర్యకాంతమ్మ తెల్ల చీర మీద పడి పోయింది, మళ్ళీ పడింది. ఆవిడ తన కొంగు వైపు చూసుకుంది.

"ఉతికితే పోతుందా? నిజంగా?"

"కచ్చా రంగు, అమ్మగారూ. పక్కా రంగు వేరే ఉంది, అది వేస్తే పోదు. ఇది ఒక్క ఉతుకు ఉతికితే చాలు, రంగేసినట్టు దేవుడికి కూడా తెలీదు."

సూర్యకాంతమ్మ నమ్మింది. కానీ నమ్మాల్సింది గంగరాజు. పోతమ్మే ఆ చీర కట్టుకుని అతని ముందు నిలబడితే, దొంగ దొరికిందంటారు. ఆ తరవాత ఆ పిల్ల ఏం చెప్పినా చెవిన పడదు. ఆవిడ అరుగు మీద కూర్చుంది. మొగుడు పోయిన పదో రోజున తన రంగు చీరలన్నీ తోడికోడలు మూటకట్టి తీసుకుపోవడం గుర్తొచ్చింది. అందులో ఒక చిలకపచ్చ చీర కూడా ఉండేది. దాని కోసం అప్పుడు ఏడవడానికి కూడా సిగ్గుపడింది.

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. ఆమినాబీ చీర ఒకటి అడిగి చుట్టుకుని, తన తెల్ల చీర తెచ్చి గిన్నె పక్కన పెట్టింది. "ఇది కూడా ముంచు."

పోతమ్మ తెల్లబోయింది. ఆమినాబీ చీర వైపు చూసి, ఆవిడ ముఖం వైపు చూసింది. "మీకా అమ్మగారూ?"

"నాకే. ఉతికితే పోతుందన్నావుగా."

సోమవారం పొద్దున్న గంగరాజు వచ్చేసరికి పోతమ్మ రేకు పెట్టె గేటు పక్కన ఉంది. దాని పక్కన తల వంచుకుని పోతమ్మ, కాస్త ఎడంగా చలమయ్య. పిల్లలందరూ మెట్ల మీద గుంపు కట్టారు. సూర్యకాంతమ్మ కుర్చీ ఒక్కటే ఖాళీ.

తలుపు తీసుకుని ఆవిడ బయటికి వచ్చింది. నిలువెల్లా చిలకపచ్చ. ఎవరి చేతిలోదో టిఫిన్ క్యారియరు జారి కింద పడింది. ఆవిడ మొక్కలకు నీళ్ళు పోసే బకెట్టు దాకా నడిచి నిలబడింది. రోజూ చూసే మనిషే. ఇంత అందమైన మనిషని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అదే! నా చీర అదే!" అంది పద్మావతి. "మేడమ్, మీకెక్కడ దొరికింది?"

"దగ్గరికొచ్చి చూడు. తరవాత మాట మారిస్తే ఊరుకోను."

పద్మావతి కొంగు పట్టి, తిప్పి, వేళ్ళతో నలిపి చూసింది. "నాదేనండీ. ఒట్టు."

"నీ చీర రంగు పోతుందా?"

"ఎన్నిసార్లు ఉతికినా పోలేదు."

సూర్యకాంతమ్మ కొంగు తీసి బకెట్లో ముంచింది. వెంట తెచ్చిన సబ్బు రుద్ది పిండింది. నీళ్ళు పచ్చబడ్డాయి. మళ్ళీ ముంచి పిండింది. పైకి తీస్తే కొంగు కొన తెల్లగా, ఎప్పటి సూర్యకాంతమ్మ కొంగులాగే ఉంది.

"ఇది నా చీర. నిన్న పాతూళ్ళో వేయించాను. పోతమ్మదీ ఇలాంటిదే, తెల్ల చీర ఒకటే, వారానికో రంగు వేయిస్తుంది. పిల్లకున్నవి మొత్తం మూడే చీరలు, ఒకటి ఒంటి మీద, రెండు ఆ పెట్టెలో, కావాలంటే తెరిచి చూసుకోండి. మూడింటినీ అన్ని చీరలు చేసిన పిల్లకి దండం పెట్టాలి గానీ దొంగ అంటారా?"

ఎవరూ పెట్టె తెరవలేదు. గంగరాజు బకెట్టు చూడటం ఎప్పుడో మానేశాడు. "అది సరే గానీ, సూర్యకాంతమ్మ గారూ... మీరు... ఈ రంగు..."

"పెట్టె లోపల పెట్టించండి గంగరాజు గారూ. పిల్లకి ఆఫీసు టైమవుతోంది."

ఆయనే వంగి పెట్టె ఎత్తాడు. చలమయ్య కళ్ళొత్తుకున్నాడు. పద్మావతి చీర ఆ వారంలోనే వేరే ఇంటి మూటలో దొరికింది. దొరికిన రోజునే ఆ పిల్ల పోతమ్మ గదికి వెళ్ళి, తప్పయిపోయిందని చెప్పి, ఆ గంగాజమున చీర తిప్పి కట్టడం నేర్పమని అడిగింది.

ఆ సోమవారం రోజంతా సూర్యకాంతమ్మ గేటు దగ్గర తన కుర్చీలోనే కూర్చుంది. పాలవాడు చూశాడు, పోస్టుమాను చూశాడు, ఎదురింటి ఆవిడ రెండుసార్లు బయటికి వచ్చి మరీ చూసింది. సాయంత్రం పోతమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి తడిసిన కొంగు ఆరిపోయి ఉంది. ఆవిడ ఇంకా చిలకపచ్చలోనే ఉంది.

"పని అయిపోనాది గదండి అమ్మగోరూ, ఇంకా కట్టుకునే ఉన్నారేటి? ఇప్పి ఇయ్యండి, నాను ఉతికి తెల్లగా సేసి ఇత్తాను."

సూర్యకాంతమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంది. వీధి దీపాలు వెలిగే దాకా ఆవిడ కుర్చీలోంచి లేచేటట్టు లేదు.

"రేపు ఉతుకుదువుగానిలే," అంది.