ఆకుపచ్చ గౌను

క్రిస్మస్ రోజున ఉమ కింద వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే, మేడ మీద పాత ఇంగ్లిష్ పాటల సినిమా మొదలైంది. ప్లేనో ఊళ్లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా సెలవులకి అదే సినిమా, భర్త దామోదర్ దాచుకున్న అదే డిస్కు. రైలు పాట రాగానే ఉమ కుక్కర్ ఎక్కిస్తుంది. హీరోయిన్ మెట్ల మీద బూట్లు టకటకలాడించే డాన్సుకి పోపు వేస్తుంది. నెత్తి మీద ఆ అడుగులు వినబడితే ఆమె కాళ్లు కూడా ఊరుకోవు. ఒక్కసారి కూర్చుని చూడాలని ఏటా అనుకుంటుంది. ఓ ఏడాది కాసేపు ఆపమని అడిగింది కూడా. "పాజ్ చేస్తే మూడ్ పోతుంది ఉమా. కిందికి పాటలు వినబడతాయిగా!" అన్నాడు దామోదర్. అతనికి ఆఫీస్ కాల్ వస్తే మాత్రం ఠక్కున ఆగేది. "పండగపూట ముందు వంట కానీవే" అనేది వచ్చిన ప్రతిసారీ అత్తగారు ఛాయాదేవి; ఈ ఏడూ వచ్చి పైనే కూర్చుంది. ఆ మాటకి ఉమకి ఒళ్లు మండేది. మండుతూనే పప్పు ఉడికించేది.

పకోడీల కోసం పదమూడేళ్ల జాహ్నవి కిందికి దిగింది.

"జానూ, మెట్ల డాన్సులో ఆ అమ్మాయి వేసుకుంటుందే, ఆకుపచ్చ గౌను, అలాంటిది నీకు కుట్టించనా?"

"ఏ గ్రీన్, అమ్మా? అది బ్లాక్ అండ్ వైట్ మూవీ!" పకపకా నవ్విన పిల్ల అంతలోనే ఆగిపోయింది. "వెయిట్. నువ్వు ఎప్పుడూ చూడలేదా?"

ఉమకి ముందు సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ గౌనుకి కుచ్చులు కూడా తనే ఊహించుకుంది మరి. కుక్కర్ పొయ్యి మీద పెట్టి, చేతులు కడుక్కుని, కూతురి వెనకే మెట్లెక్కింది.

"ఏం కావాలి?" అన్నాడు దామోదర్.

"సినిమా. మొదటి నుంచి పెట్టు జానూ."

"సగమైపోయిందిగా!"

"పెట్టనీరా, నేనూ మొదట్లో కునుకు తీశాను" అంటూ ఛాయాదేవి సోఫాలో కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. ఉమ ఆ చోటులో కూర్చుని రిమోట్ అందుకుంది.

రైలు పాట వచ్చింది. కింద కుక్కర్ కూసింది. రెండు, మూడు. అందరూ ఉమ వైపు చూశారు. ఉమ తెర వైపే చూసింది. నాలుగో కూతకి దామోదర్ లేచాడు.

"ఒక్క నిమిషం పాజ్ చెయ్యి ఉమా!" అని మెట్ల మీంచి అరిచాడు.

"అక్కర్లేదులెండి" అంది ఉమ. "కిందికి పాటలు బాగా వినబడతాయి."