రెండుసార్లు లాగితే ఆగాలి

మా తమ్ముడికి సెలూన్ ఉంది. కత్తెర ఆగినా వాడి కబుర్లు ఆగవు. చూపు పోయాక నాకు మళ్లీ పరుగు అలవాటు చేసింది వాడే. నా కుడిచేతికీ వాడి ఎడమచేతికీ మధ్య మూరెడు తాడు. ఒకసారి లాగితే కుడికి తిరగాలి, రెండుసార్లు లాగితే ఆగాలి. మిగతాదంతా వాడి నోరే చూసుకుంటుంది. "అక్కా, గుంట! అక్కా, మెట్టు! అక్కా, ఎదురుగా బట్టతల ఆయన, నాకు గిరాకీ లేదు!"

పరుగు పందెం రోజు పొద్దున్నే వచ్చాడు. వచ్చి, మాట్లాడకుండా నిలబడ్డాడు.

"ఏరా, నోరు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"ఊఁ."

"ఇంకోసారి ఊఁ అను."

"ఊఁ."

"జలుబు! రోజంతా ఆసుపత్రి ఫోన్ల దగ్గర కూర్చుని గొంతులు వినేదాన్ని. నా దగ్గరా నీ వేషాలు?"

దొరికిపోయాడు. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావట్లేదు. మా ఆయన వంటింట్లోంచి వచ్చి వాడి నోట్లో థర్మామీటరు కుక్కారు.

"జ్వరం లేదు. అయినా బావగా చెప్తున్నా, దుప్పటి కప్పుకుని పడుకో. పందెం వచ్చే ఏడాదీ ఉంటుంది."

"నువ్వూరుకో బావా," అన్నాడు వాడు గుసగుసగా. "ముక్కు కారితే కాళ్లకేంటి?"

వద్దనాల్సింది నేను. నోరు రాలేదు. చూపున్నప్పుడు ఈ పందెం ఏటా పరిగెత్తేదాన్ని. చూపు పోయాక ఒక్కసారైనా ఆ చివరి గీత దాటాలని, దాటితేగానీ నేను మునుపటి మనిషినేనని నాకు నమ్మకం కుదరదని, ఎన్నాళ్లుగానో లోపల ఒకటే ఆరాటం. పోనీ ఇంకొకరితో పరిగెడదామంటే నాతో అడుగు కలిపేవాళ్లేరీ? ఒకసారి మా ఆయన్ని తీసుకెళ్తే, రెండో మలుపులోనే "ఈ బెంచీ భలే ఉందే" అని కూర్చుండిపోయారు.

"సరే," అన్నాను చివరికి. "మెల్లగా వెళ్దాం. ఆయాసం వస్తే రెండుసార్లు లాగు, ఆగిపోదాం. మొండికేశావో, చెవి మెలిపెడతా."

మొదటి వీధి దాటామో లేదో, "హాచ్! హాచ్!" తాడు రెండుసార్లు గుంజుకుంది. టక్కున ఆగాను. వెనకాల వస్తున్నాయన నా వీపుకు గుద్దుకున్నాడు.

"ఏంటమ్మా, నడిరోడ్డు మీద ఆగుతారా?"

"ఆపింది నేను కాదండీ, వీడి ముక్కు!"

చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. మా వాడి తుమ్ములెప్పుడూ జంటగానే వస్తాయి. మార్కెట్ దగ్గర ఆగాం, బడి దగ్గర ఆగాం, ఊరికే కూడా ఆగాం. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది.

"రేయ్, ఇకమీదట నువ్వెన్నిసార్లు లాగినా నేనాగను, పో!"

అన్నట్టే చేశాను. వంతెన మీద తాడు రెండుసార్లు లాగింది. ఆగలేదు. మళ్లీ లాగింది. తుమ్ముకో, తుమ్ముకో అనుకున్నాను. మొహానికి గాలి కొడుతోంది, కాళ్లు వాటంతటవే పోతున్నాయి, ఎంత హాయిగా ఉందో! మూడోసారి లాగినప్పుడు తట్టింది. తుమ్ము వినపడలేదు.

ఆగి వాడి వీపు మీద చెయ్యేశాను. ఎగిరెగిరి పడుతోంది.

"ఎప్పట్నుంచి లాగుతున్నావురా?"

"వంతెన... దగ్గర్నుంచి."

"అరిచి చావొచ్చుగా!"

"గొంతేదీ?"

నా మీద నాకే అసహ్యం వేసింది. వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించాను. గీత పోతే పోయింది, వీడు బాగుంటే చాలనిపించింది.

"చాలు. బావకి ఫోన్ చెయ్యి, ఇంటికి పోదాం."

వాడు కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత లేచి, తాడు కొస మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"పరిగెత్తొద్దు సరే. నడవొద్దని ఎవరన్నారు? మైకు వినపడట్లా? అక్కడే గీత. దారి తిన్నగానే ఉంది. నువ్వు నడువు, నేను వెనకాలే వస్తా."

గీత దగ్గర తోడు వచ్చినవాడు ముందు దాటకూడదని పందెం నియమం. "నీకోసం చివర్లో నేను తగ్గాలి" అని రోజూ గొప్పలు పోయేవాడు. ఈసారి నిజంగానే వెనకబడ్డాడు.

మైకు మోత వైపు నడిచాను. వాడి నోరు నాకొచ్చింది. "రేయ్, ఇక్కడ తడిగా ఉంది, జారతావు. రేయ్, కాలి కింద కంకర. ముక్కు తుడుచుకో, వినపడుతోంది!" వెనక నుంచి గాలి లాంటి నవ్వు.

అందరూ ఎప్పుడో చేరిపోయారు. అయినా చప్పట్లు మొదలయ్యాయి. "అదిగో మావాళ్లు!" అని మా ఆయన అరుపు అన్నిటికన్నా పైన. ఆ గోలలో మైకు వినపడలేదు. తోచిన వైపు నడుస్తూనే ఉన్నాను.

తాడు రెండుసార్లు లాగింది.

చెవులు రిక్కించాను. తుమ్ము లేదు.

"ఏంట్రా, మళ్లీ ఆయాసమా?"

"కాదక్కా." వాడు నా చెవి దగ్గరికొచ్చాడు. "గీత దాటేశావు. ఇక ఆగు."

ఆగాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వాటి వెనకాలే నాకూ వచ్చింది, హాచ్ అంటూ.