దానమ్మ పుచ్చకాయ

"బాగా కడిగావా?"

మా ఇంట్లో వంటకు ముందు రోజూ వినిపించే ప్రార్థన అది. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి గొంతు ఆరిపోయి వచ్చి, సింకు దగ్గర నిలబడి వంకాయలు ఉప్పునీళ్లలో, ద్రాక్ష పసుపునీళ్లలో, కొత్తిమీర మళ్లీ మళ్లీ మంచినీళ్లలో ముంచి తీస్తుంటాను. మా ఆయన జీవన్ కుమార్ సోఫాలో కూర్చుని, ఏ కూరగాయలో ఏ విషముందో ఫోనులో చూస్తుంటాడు. "అంతా కల్తీయే కరుణా. రైతులకి భయం లేకుండా పోయింది" అంటాడు. భయపడటం ఆయన వంతు, కడగడం నా వంతు. "వాడి పొట్ట సున్నితమమ్మా" అంటుంది అత్తగారు. ఏళ్ల తరబడి నీళ్లలో నాని పగిలిన నా వేళ్ల గురించి మాత్రం ఈ తెనాలి ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆమధ్య మా అమ్మ దానమ్మ బాపట్ల నుంచి బస్సులో పుచ్చకాయ పంపింది. నాన్న పోయాక సముద్రం వైపు ఇసుకనేల కౌలుకు తీసుకుని పుచ్చ వేస్తోంది. కాయ కోసి ఆ ఎరుపు చూడగానే నాకు నోరూరింది, ఆయనకు అనుమానం పుట్టింది. తెల్లటి కాగితం తెచ్చి ముక్క మీద అద్దాడు. ఎర్రబడింది.

"చూశావా! రంగు ఇంజెక్షన్!"

"ఎర్రటి పండుకి అద్దితే ఎర్రబడక పచ్చబడుతుందాండీ?"

"నీకేం తెలుసు? మీ అమ్మే ఎక్కించిందని నేననట్లేదు. ఆ మందులోళ్లు ఏం అంటగడుతున్నారో ఆవిడకి మాత్రం తెలుసా ఏంటి?"

వీడియో తీసి, బాపట్ల కాయ అని చెప్పి మరీ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాయ పారెయ్యమన్నాడు. నేను పారెయ్యలేదు. వంటింటి తలుపు చాటున నిలబడి మొత్తం తినేశాను. అంత తీపి కాయ నేనెప్పుడూ తినలేదు.

వారం తిరిగేసరికి వీడియో రేపల్లె దాకా పాకింది. ఏటా తోట దగ్గరికే వచ్చి కాయ కొనే రేపల్లె వ్యాపారి ఈసారి లారీ పంపనన్నాడు. జనం భయపడుతుంటే నేనేం చేసేది అన్నాడట. వీడియోలో గొంతు అల్లుడిదని అమ్మకు తెలియకపోదు. అయినా ఫోనులో ఒక్కటే చెప్పింది. "కాయలు చేలోనే ఉన్నాయమ్మా. మీరు మాత్రం చర్చిలో కోతపండక్కి రండి."

వెళ్లాం. ఆదివారం ఆరాధనకు ముందు చేలోకి వెళ్లి అలాగే నిలబడిపోయాను. చిన్నప్పటి నుంచీ అలాంటి చేలు చూస్తూనే ఉన్నాను, కానీ చూడలేదు. మడమ దాకా దిగబడే ఇసుక. మొహాన కొట్టే ఉప్పుగాలి. ఆ ఇసుకలోనే గుంటలా తవ్వుకున్న దొరువులోంచి అమ్మ బిందెతో నీళ్లు ముంచుకొచ్చి పాదు పాదుకీ పోస్తుంది. పోసిన నీళ్లు ఇసుక తాగెయ్యకుండా తీగకు ఎలా వదిలిందో! వేలెడు లావు కూడా లేని తీగకు రెండు చేతులా ఎత్తాల్సినంత కాయ ఎలా కాసిందో! నా కళ్లు నిండిపోయాయి. ఇంత పని మా అమ్మ చేతుల్లోంచి వచ్చిందంటే నమ్మలేకపోయాను.

కోతపండుగనాడు మొదటి పంట తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. దేవుడి సొమ్ము కాబట్టి నిమ్మకాయకైనా పోటీపడి పాడతారు. పాడేది మగవాళ్లే, ఆడవాళ్లం చాపల మీద కూర్చుని చూస్తాం. ఎవరిచ్చింది వాళ్లు పాడుకోరు. అలా చేస్తే దేవుడికిచ్చింది వెనక్కి లాక్కున్నట్టు.

సంఘపెద్ద బర్నబాస్ గారు గుమ్మడికాయలు, అరటిగెల, కోడిపుంజు అన్నీ పాడించి, అమ్మ కాయ ఎత్తారు. "దానమ్మ పుచ్చకాయండీ. పాడండి."

ఎవరూ పలకలేదు. అందరి ఫోనుల్లోనూ ఆ వీడియో ఉంది. మా ఆయన పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. "దేవుడి కాయండీ" అన్నారు బర్నబాస్ గారు, గొంతు తగ్గించి.

అప్పుడు అమ్మ లేచింది.

"నేనే పాడుకుంటానయ్యా. దేవుడి బల్ల ముందు అట్టా మిగిలిపోకూడదు."

పరువు పోయింది తనకైతే, దేవుడి పరువు కాపాడుతోంది! ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "అమ్మ పాట మీద నేను పాడతానండీ" అన్నాను. అమ్మ వెనక్కి తిరిగి చూసి పాట పెంచింది. నేనూ పెంచాను. మళ్లీ పెంచింది, మొండిది. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు.

"కరుణా, కూర్చో. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు మా ఆయన.

"ఇక్కడే మాట్లాడుకుందామండీ. ఆ వీడియోలో కాయ మా అమ్మ పంపిందే. తీసింది మీరు. తిన్నది నేను. మొత్తం తిన్నాను. ఇదిగో, మీ ముందే నిలబడి ఉన్నాను."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇక పాట పెంచలేదు.

బర్నబాస్ గారు పెన్ను తీసి, "జీవన్ కుమార్ గారి పేరున రాయమంటావా అమ్మా?" అన్నారు.

"కాదండి. దానమ్మ కూతురు కరుణశ్రీ అని రాయండి."

రాశారు. కాయ తెచ్చి నా చేతుల్లో పెడుతూ, "తెనాలి దాకా మొయ్యాలిగా, సంచి తెప్పించనా?" అని అడిగారు.

"వద్దండి" అన్నాను. "కత్తి ఇవ్వండి."