గోరువెచ్చని నెత్తురు

రెండో అంతస్తు శాంపిళ్ళు ల్యాబులో దింపేసి హువో జిన్‌లాన్ మళ్ళీ ఐదో అంతస్తు ఎక్కింది. ఆసుపత్రిలో ఆవిడ పని అదే. వార్డుల్లో తీసిన నెత్తుర్ని ఆవరణకి అవతలున్న ల్యాబుకి మొయ్యడం. పొట్టి మనిషి. చలికి పగిలిన బుగ్గలు, మోకాళ్ళదాకా వేలాడే దూది కోటు. ఇన్నేళ్ళలో ఒక్క ట్యూబు పగలగొట్టలేదు. పగలగొట్టనివాళ్ళని ఎవరైనా మెచ్చుకుంటారా?

ఐదో అంతస్తులో ఛూ వాన్‌షాన్ ఉన్నాడు. తోఫు, అంటే సోయాపాల జున్ను, చేసి అమ్ముకునే ముసలాయన. పేగుకి చిల్లుపడి పొట్టంతా చీము పట్టింది. ఒకసారి కోసి కడిగారు. అయినా కళ్ళు తెరవడం లేదు. డాక్టర్ ఫాన్ ఆయన భార్యని పక్కకి పిలిచాడు.

"రక్తంలో ఒక అంకె చూస్తాం పెద్దమ్మా. నిన్నటికంటే తగ్గితే మళ్ళీ కోసి కడుగుతాం. ఆశ ఉంది. పెరిగితే మాత్రం కిడ్నీలు, ఊపిరితిత్తులు వరసగా చేతులెత్తేస్తాయి."

"పెరిగితే ఊపిరుండగానే ఇంటికి తీసుకుపోతా," అందావిడ. పరాయి మంచం మీద పోయినవాడికి సొంత గడప దొరకదని వాళ్ళ నమ్మకం. జిన్‌లాన్ వైపు తిరిగింది. "చెల్లే, జాగ్రత్తగా పట్టుకెళ్ళు. మా ఆయన ఇప్పుడు నీ చేతిలో ఉన్నాడు."

జిన్‌లాన్ తలూపి, ఆయన నెత్తురు తీసిన ట్యూబుని అందుకుంది. బయట మంచు కురుస్తోంది. ఈ రకం ట్యూబుని ఐసు డబ్బాలో పెట్టాలన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. జబ్బుమనిషికి చన్నీళ్ళు తగలనివ్వని ఇంట్లో పెరిగిన మనిషి. బతికున్నవాడి నెత్తుర్ని ఐసులో పాతిపెట్టడానికి ఈసారి చెయ్యి రాలేదు. ట్యూబుని కోటు లోపల, చంకలో పొదువుకుంది. లిఫ్టు దగ్గర జనం, ఆవరణలో జారుడు. చాలాసేపే పట్టింది. తిడతారని ల్యాబు గుమ్మంలో మళ్ళీ డబ్బాలో పెట్టి ఇచ్చేసింది.

అంకె పెరిగింది.

మధ్యాహ్నం వాన్‌షాన్‌ని ఆక్సిజన్‌తో అంబులెన్సు ఎక్కించారు. ఆయన భార్య జిన్‌లాన్ చేతులు పట్టుకుంది. "నువ్వు తొందరగా తీసుకెళ్ళావు గనకే ఇల్లు చేరే వ్యవధి మిగిలింది చెల్లే," అంది.

తర్వాతి ట్రిప్పులో జిన్‌లాన్ ల్యాబు పిల్లని ఊరికే అడిగింది. "ఒసే షియావోయున్, ఈ ట్యూబులకి ఐసెందుకే?"

"వెచ్చగా ఉంచితే ట్యూబులోనే అంకె పెరిగిపోతుంది పిన్నీ. బతికే మనిషి కూడా కాయితం మీద చచ్చిపోతాడు," అని నవ్వింది షియావోయున్.

"ఎంత పెరుగుతుంది?"

"ఎవరికి తెలుసు? కాస్తో కూస్తో."

కాస్తో కూస్తో. జిన్‌లాన్ లిఫ్టు కోసం ఆగలేదు. ఐదో అంతస్తుదాకా మెట్లన్నీ ఎక్కి, ఆయాసంతో నర్సు ముందు నిలబడింది. "ఆ తోఫు ముసలాయన... వాళ్ళకి ఫోన్ చెయ్యి తల్లీ. వెనక్కి రమ్మను."

"వాళ్ళే చేశారు పిన్నీ ఇప్పుడే. గడప దాటించి ఆక్సిజన్ తీసేశారట. ఇంట్లోనే పోయాడు. అదృష్టవంతుడు."

జిన్‌లాన్ దుప్పట్లు తీసేద్దామని వాన్‌షాన్ మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన కాళ్ళ దగ్గర పెట్టిన వేడినీళ్ళ సంచి అక్కడే ఉండిపోయింది. పట్టుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉంది.