పగలగొట్టని దిమ్మలు

సంచిలో అయిదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే ఎర్రది వచ్చే సంభావ్యత ఎంత? ఈ లెక్క కనిపిస్తే చాలు, సగటు మేడంకి ఒళ్ళు మండిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇంజనీరింగు రెండో ఏడాది పిల్లలకు సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం చెబుతోంది. సంచిలో చెయ్యి పెట్టి బంతులు తీసే ఉద్యోగం ఇన్నేళ్ళలో ఏ ఇంజనీరుకూ దొరకలేదని ఆమె ఫిర్యాదు. "సగటు మేడం" అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఎవరైనా సగటు ఒక్కటి చెప్పి చేతులు దులుపుకుంటే, "సగటున మోకాలి లోతున్న ఏట్లో కూడా మనుషులు మునిగి చస్తారు. అంకెలు ఎంత అటూ ఇటూ పోయాయో అదీ చెప్పు" అని కసురుతుంది. అందుకే ఆ పేరు అంటుకుపోయింది.

పాఠ్యపుస్తకం మీద కోపంతోనే ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏటా నిజమైన లెక్కల పుస్తకం ఒకటి ఎక్కడినుంచో తెచ్చి క్లాసు ముందు పడేస్తుంది. ఒక ఏడు బస్సులు ఆలస్యమైన నిమిషాలు, ఒక ఏడు క్యాంటీనులో పగిలిన గ్లాసులు. ఈసారి కాలేజీ పరీక్షశాల రిజిస్టరు తెచ్చింది. ఆవరణలోనే కొత్తగా లేచిన అయిదంతస్తుల ఆడపిల్లల హాస్టలు కాంక్రీటు ఎంత గట్టిదో అందులో రాసి ఉంది. పోత పోసినప్పుడల్లా అదే మిశ్రమంతో మూడు దిమ్మలు పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి, యంత్రంలో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. పగిలేటప్పటి అంకె ఇరవై అయిదు దాటితే కాంక్రీటు మంచిదని లెక్క. అరవై పోతలు, నూట ఎనభై దిమ్మలు, నూట ఎనభై అంకెలు. రాసినవాడు పరీక్షశాల టెక్నీషియను, మేడం సొంత తమ్ముడు. ఆ ఉద్యోగంలో అతన్ని పెట్టించింది కూడా ఆమే.

"పట్టిక వేసి, గ్రాఫు గీయండి. గంట ఆకారం వస్తుందేమో చూద్దాం" అంది.

పావుగంట గడవకముందే ముందు బెంచీ అమ్మాయి లేచింది. నోటితోనే గుణకారాలు చేసేస్తుందని అందరూ ఆ పిల్లను క్యాలిక్యులేటర్ అంటారు.

"మేడం, ఇరవై అయిదుకి తక్కువ ఒక్కటీ లేదు."

"మంచిదేగా!"

"అది కాదు మేడం. ఇరవై అయిదు దాటీ దాటగానే కుప్ప పోసినట్టున్నాయి. గంటని సగానికి కోసేసినట్టుంది. ఇంకోటి, దశాంశం పక్కన అంకె చూడండి. ఎక్కడ చూసినా ఏడే."

మేడం పేజీలు తిప్పింది. నిజంగా కొలిస్తే ఆ చివరి అంకెకు ఎవరి మీదా ప్రేమ ఉండదు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కొక్కటి పద్దెనిమిది సార్లు, కాస్త అటూ ఇటూగా రావాలి. ఇక్కడ ఏడు నలభై ఒక్కసారి, మూడు ముప్ఫై ఆరుసార్లు వచ్చాయి. సున్నా రెండంటే రెండుసార్లు, అయిదు మూడుసార్లు. పిల్లలు కై-స్క్వేర్ పరీక్ష చేశారు. వచ్చిన జవాబు పదిహేడు లోపు ఉంటే పోనీలే, అనుకోకుండా జరిగిందని సరిపెట్టుకోవచ్చు. వచ్చింది డెబ్బై అయిదు పైన.

క్లాసంతా దొంగ దొరికాడని గోల గోల చేసింది. వాళ్ళకది పండగ. మేడం మాత్రం రిజిస్టరు తన దగ్గరికి లాక్కుంది. ఆ ఏడు అంకెకు నడుము దగ్గర చిన్న గీత ఉంటుంది. వేలు పట్టుకుని అలా రాయడం నేర్పింది ఆమే.

పరీక్షశాలలో తమ్ముడు యంత్రం మీద టీ గ్లాసు పెట్టుకుని కూర్చున్నాడు. యంత్రానికి పట్టిన నూనె మీద వేలెడు మందాన దుమ్ము. దిమ్మలు నానాల్సిన తొట్టిలో నీళ్ళు పాచి పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి, మీద ఏవో పురుగులు తేలుతున్నాయి. ఆ కంపుకి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్, ఈ అంకెలు ఎక్కడివి?"

"యంత్రానివే అక్కా."

"యంత్రానికి ఏడంటే అంత ముద్దా?"

అతను ముందు టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత నవ్వేశాడు. ఆ నవ్వుకే ఆమెకు ఎక్కువ రోత పుట్టింది.

"యంత్రం పంపు పోయి ఏడు నెలలైందక్కా. బాగు చేయించమని మూడుసార్లు కాగితం పెట్టాను. కాంట్రాక్టరేమో చైర్మన్ గారి అల్లుడు, ఆయనకి వారం వారం రిపోర్టు కావాలి. 'రాసెయ్యవయ్యా, ఎవడు చూస్తాడు' అన్నారు ప్రిన్సిపాల్ గారు. రాసేశాను."

"ఎలా రాశావ్?"

"అదీ ఒక పనేనక్కా!" వేలు నాలుకకు తడుపుకుని ఒక పేజీ తిప్పి చూపించాడు. "సున్నాలూ అయిదులూ వేస్తే కట్టుకథలా కనబడుతుంది. ఏడో మూడో అయితే నిజంగా కొలిచినట్టుంటుంది. ఏదీ తోచకపోతే అటెండర్ని అడిగేవాణ్ణి, ఒక అంకె చెప్పరా అని."

పనితనం గురించి చెప్పుకునే వడ్రంగిలా చెప్పాడు. ఆమెకు అతని చెయ్యి చూస్తేనే అసహ్యమేసింది.

"మరి దిమ్మలో?"

"వెనకాలే ఉన్నాయి. పారేద్దామంటే బండి ఎవరిస్తారు?"

షెడ్డు వెనక పిచ్చిమొక్కల మధ్య నూట ఎనభై దిమ్మలు, పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్కోదాని మీద తేదీ, నంబరు రంగుతో రాసి ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. గోడ అవతల హాస్టలుకి కిటికీ అద్దాలు బిగిస్తున్నారు. ఒకటో తారీఖున పిల్లలు దిగుతారు. ఇంకా పదకొండు రోజులుంది.

ఆమె ఆ కంపు ముక్కులో ఉండగానే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆయన బిస్కెట్టు టీలో ముంచాడు. అది విరిగి గ్లాసులో పడింది. వేలు పెట్టి తోడి నోట్లో వేసుకుంటూ అంతా విన్నాడు. ఎక్కడా ఆశ్చర్యపోలేదు.

"పిల్లలు పట్టుకున్నారంటే తనిఖీకి వచ్చేవాళ్ళు కూడా పట్టుకోవచ్చు. మంచిపని చేశారు మేడం, ముందే చెప్పారు" అన్నాడు. "మరి మీ చేతిలో విద్యేగా ఇది? సహజంగా కనబడేట్టు మీరే రాసిపెట్టండి. తక్కువవి కూడా నాలుగు వేయండి, పర్వాలేదు."

"యంత్రం బాగు చేయించండి సార్. దిమ్మలున్నాయి. వాటంతటవే చెబుతాయి."

"పదకొండు రోజుల్లోనా? అయినా పేజీ పేజీకీ సంతకం మీ తమ్ముడిది. నాది ఒక్కటి చూపించండి." వేళ్ళు రుమాలుకు తుడుచుకున్నాడు. "ఇంట్లో ఆలోచించుకోండి."

ఛీ, ఇదేం మనిషి అనుకుంటూ బయటికొచ్చింది. వచ్చిందే గానీ, మూడు రోజులు ఏమీ చేయలేదు. ఆ సంగతీ చెప్పాలి. తమ్ముడికి ఇద్దరు చిన్నపిల్లలు. ఫిర్యాదు పెడితే ముందు తెగేది అతని మెడే. నేను రాయలేదుగా, నా చేతులకు మట్టి అంటలేదుగా అని తనకు తానే చెప్పుకుంది. ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళందరూ చెప్పుకునే మాట అదే.

నాలుగోరోజు క్యాలిక్యులేటర్ ఎగురుకుంటూ వచ్చి ఆమె బల్ల మీద కాగితాల కట్ట పెట్టింది.

"చూడండి మేడం! ప్రిన్సిపాల్ సార్ ప్రాజెక్టుగా ఇచ్చారు. ఇంటర్నల్స్‌లో ఇరవై మార్కులు. సగటు ఇరవై తొమ్మిది, ప్రామాణిక విచలనం రెండున్నర తీసుకుని కంప్యూటర్లో వేశాను. ఇరవై అయిదు కంటే తక్కువవి తొమ్మిది అలాగే వదిలేశాను. అన్నీ బాగుంటే అనుమానం వస్తుంది కదా? చివరి అంకెలకి కై-స్క్వేర్ ఎనిమిది. ఇంక ఎవరూ పట్టుకోలేరు మేడం. మీరు కూడా పట్టుకోలేరు!"

మేడం చూసింది. నిజమే, పట్టుకోవడం తన వల్ల కూడా కాదు. ఒక్క వంక లేదు. గంట ఆకారం బొమ్మ గీసినట్టుంది. తను రెండు నెలలు గొంతు చించుకుని చెప్పిన పాఠమంతా ఆ కాగితాల్లో ఉంది. తన పాఠం మీద తనకే ఇంత వెగటు పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నీకు హాస్టల్లో గది ఇచ్చారా?"

"ఇచ్చారు మేడం. రెండో అంతస్తు, మూల గది. గాలి బాగా వస్తుంది."

"నీ నెత్తిన ఇంకా మూడంతస్తులు ఉంటాయి. వాటిని మోసే స్తంభాల బలం ఎంతో ఎవరూ చూడలేదు. ఈ కాగితం చూపించి, చూశామని చెబుతారు."

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "నేను మార్కులే చూశాను మేడం" అంది.

ఆ రోజు మధ్యాహ్నమే ఒకటి నుంచి నూట ఎనభై దాకా చీట్లు రాసి కలిపి, ఆ పిల్ల చేతే తొమ్మిది తీయించింది మేడం. ఆ నంబర్లు పట్టుకుని ఇద్దరూ పరీక్షశాలకు వెళ్ళారు. తమ్ముడు కొత్త రిజిస్టరులోకి ప్రిన్సిపాల్ పంపిన ఆ పిల్ల అంకెలే ఎక్కిస్తున్నాడు.

"ఈ తొమ్మిది దిమ్మలూ బయటికి తియ్యి. ఊరి అవతల ప్రైవేటు ల్యాబుంది. అక్కడ పగలగొట్టిద్దాం."

"అక్కా, నీకు దణ్ణం పెడతా. నా పొట్ట మీద కొట్టకు."

"సిగ్గు లేదురా? ఇలాంటి పని చేయడం ఎవరు నేర్పారు నీకు?"

"నువ్వే." అతను కలం మూత పెట్టాడు. "డిప్లొమాలో నా రికార్డు ఎవరు రాశారక్కా? జవాబు ముందు వేసుకుని, రీడింగులు వెనకనుంచి కట్టుకొచ్చేదానివి. 'మరీ సరిగ్గా రాకూడదురా, కాస్త తప్పుండాలి, అప్పుడే నమ్ముతారు' అన్నావు. మూడేళ్ళూ నువ్వే రాశావు. ఒక్క ప్రయోగం నా చేత చేయించావా?"

పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. మేడం చెవులు వేడెక్కాయి. అబద్ధమైతే లెంపకాయ కొట్టేది. అక్షరం పొల్లుపోకుండా తను అన్నమాటే. అప్పట్లో తెలివైన అక్కనని మురిసిపోయింది కూడా.

"అవును, నేర్పాను. ముందు ఛీ అనాల్సింది నన్నే" అంది. "నువ్వు రాకపోతే ఆ దిమ్మలు నేనే మోస్తాను. తియ్యి."

ఒక్కో దిమ్మ ఎనిమిది కిలోలు. ఆమె వంగి ఒకటి ఎత్తబోయింది. అతను చూస్తూ ఉండలేక వచ్చి లాక్కున్నాడు. తొమ్మిదీ అతనే బండికెక్కించాడు.

ఆ ల్యాబులో యంత్రం శుభ్రంగా ఉంది. దిమ్మ పెట్టి మీట నొక్కితే ముల్లు మెల్లగా పైకి లేస్తుంది. లోపల ఏదో మూలిగినట్టు చప్పుడై, పక్కలు పెచ్చులుగా ఊడిపోతాయి. ముల్లు ఆగిపోతుంది. ఆపరేటరు అంకె చదివాడు, ఆ పిల్ల రాసింది. పద్నాలుగు పాయింట్ రెండు. పదిహేడు పాయింట్ ఎనిమిది. పదిహేను. కాంక్రీటు వయసు మీద పడేకొద్దీ గట్టిపడుతుంది. నెలల తరబడి ముదిరాక కూడా ఇదీ వాటి బలం. తొమ్మిదింటిలో ఎక్కువ వచ్చింది పందొమ్మిదిన్నర. సగటు పదహారుకు కూడా అందలేదు.

"మేడం, ఇంకో తొమ్మిది చూద్దామా? ఏమో, ఇవే పాడువి వచ్చాయేమో" అంది ఆ పిల్ల సన్నగా.

"చీట్లు తీసింది నువ్వే. మనకు నచ్చే అంకె వచ్చేదాకా పగలగొడుతూ పోతే దాన్ని పరీక్ష అనరు."

తమ్ముడు నేల మీద కూర్చున్నాడు. పగిలిన దిమ్మ ముక్క చేతిలోకి తీసుకుని నలిపాడు. ఇసుకలా రాలింది.

"ఒక్కటి కూడా ఇరవై దాటలేదా అక్కా?" అన్నాడు. "నేను రాసేవి అబద్ధాలని తెలుసు. కానీ నిజంగా కొలిచినా దాదాపు అంతే వస్తాయనుకున్నా. ఎలాగూ పాసయ్యే దిమ్మలకి నేను ఊరికే అంకె వేస్తున్నా అనుకున్నానక్కా. ఒట్టు."

ఆమెకు అతని మీద అసహ్యం పోలేదు, కానీ అందులో తన వాటా ఎంతో కూడా ఇప్పుడు కనబడుతోంది.

మర్నాడు పొద్దున్నే అక్కాతమ్ముళ్ళిద్దరూ భవనాలకు అనుమతులిచ్చే ఆఫీసుకి వెళ్ళారు. ల్యాబు ఇచ్చిన రిపోర్టు, పాత రిజిస్టరు, కొత్త రిజిస్టరు, ఫిర్యాదు కలిపి కౌంటరులో ఇచ్చింది మేడం. గుమాస్తా ఫిర్యాదు మొదటి నాలుగు వరుసలు చదివి తలెత్తాడు.

"రెండు రిజిస్టర్లూ రాసిన మనిషి మీకేమవుతాడమ్మా?"

"తమ్ముడు."

"సొంత తమ్ముడా?" ఆయన ముద్ర చేతిలోకి తీసుకుని ఆగాడు. "ఒక్కసారి ముద్ర పడిందంటే ఇంక వెనక్కి ఇవ్వడం కుదరదు. మొత్తం వ్యవహారం ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి."

ఆమె వేళ్ళు కాగితం అంచుని ఇంకా వదల్లేదు. అది చూసి, వెనక నిలబడ్డ తమ్ముడు ముందుకొచ్చి, ఆమె వేళ్ళను మెల్లగా పక్కకు తీశాడు.

"వేయండి సార్" అన్నాడు. "రాసింది నేనే."