జగ్గమ్మ వీపు ఆనించిన గోడ

ఖిదిర్‌పూర్‌లో కలకత్తా రేవు పక్కన గవరయ్య ఇంట్లో రోజూ పొద్దున్నే రెండు సంచులు సర్దుతారు. ఒకటి గవరయ్యది. అందులో ఇనుప బ్రష్షు, గీకే రేకు, మాస్కులు, మడత పెట్టిన ప్లాస్టిక్ పట్టా, నీళ్లు చిమ్మే సీసా, బోరాక్సు పొట్లం ఉంటాయి. రెండోది ఆయన భార్య జగ్గమ్మది. అందులో మూడు పొడి నూలు చీరలు, ఒక చిన్న ఇత్తడి గ్లాసు. బక్కెట్లు మాత్రం ఎవరి ఇంటికి వెళ్తే వాళ్లే ఇవ్వాలి. సర్దడం అయ్యాక ఇద్దరూ సింహాద్రి అప్పన్న పటం ముందు నిలబడి ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటారు. ఆయన పేరు తలవకుండా ఏ గోడనీ ముట్టుకోరు. మీరూ ఒకసారి తలుచుకోండి, ఖర్చేమీ లేదు కదా. ఈలోగా నేను కథలోకి వెళ్తాను.

వాళ్ల పని పాత ఇళ్లలో చెమ్మ తీయడం. సున్నంలో ఇటుకపొడి కలిపి కట్టిన నూరేళ్ల ఇళ్లు కలకత్తాలో ఏ సందులో చూసినా ఉంటాయి. వానాకాలం రాగానే ఆ గోడలు నీళ్లు తాగుతాయి. తాగింది బయటికి వదలనిస్తే బాగానే ఉంటాయి. వదలనివ్వకుండా పైన సిమెంటూ ప్లాస్టిక్ పెయింటూ పూశారా, నల్లగా బూజు కక్కుతాయి. గవరయ్య ఆ బూజుని ముందు తడిపి, తర్వాత గీకుతాడు. పొడిగా గీకితే ఆ పొడి లేచి మనుషుల ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. గీకాక సిమెంటు కొట్టేసి సున్నం పూస్తాడు.

కానీ అంతకంటే ముందు జగ్గమ్మ పని ఉంటుంది. ఆవిడ పొడి చీర కట్టుకుని, చెమ్మగోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. గంట గడిచేసరికి గోడలోని నీళ్లు ఆవిడ చీరలోకి వచ్చేస్తాయి. లేచి చాటుకి వెళ్లి, చీర మార్చుకుని, తడిచీరని బక్కెట్లో పిండుతుంది. మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మామూలు గోడైతే రెండు బక్కెట్లు ఇస్తుంది, మొండిగోడైతే మూడు. న్యూ టౌన్ నుంచి వచ్చే ఇంజనీర్ల దగ్గర చెమ్మ కొలిచే మీటర్లున్నాయి. మీటరు గోడలో ఎంత నీరుందో చెబుతుంది గానీ ఎక్కడి నీరో చెప్పదు. అందుకని వాళ్లే ఫోన్ చేస్తారు, "కాకీమా, ఒకసారి వచ్చి కూర్చుంటారా?" అని. బెంగాలీలో కాకీమా అంటే పిన్ని.

ఎక్కడి నీరో జగ్గమ్మ నాలిక చెబుతుంది. పిండిన నీటిని ఒక్క చుక్క నాలిక కొసకి తగిలించి ఉమ్మేస్తుంది. ఉప్పగా ఉంటే నేలలోంచి పైకి పాకిన నీరు. బ్లీచింగు వాసనొస్తే కుళాయి గొట్టం కారుతోంది. కుళ్లిన ఆకుల రుచైతే డాబా మీది వాన నీరు. ఆవనూనె తగిలిందా, వంటింటి ఆవిరి పోయే దారి లేక గోడెక్కిందన్నమాట. ముప్పై ఏళ్లలో ఆవిడ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

శ్రావణమాసంలో ఒక గురువారం వాళ్లు నాలుగు సందుల అవతల ఉన్న ఉమామహేశ్ ఇంటికి వెళ్లారు. ఉమామహేశ్ రేవు డాకులో క్రేను నడుపుతాడు. కింద రెండు గదులు, వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చినప్పటి నుంచీ ఆ కుటుంబం అందులోనే అద్దెకుంటోంది. ఇప్పుడు ఉండేది నలుగురు. ఉమామహేశ్, భార్య సునీత, తల్లి గురవమ్మ, ఎనిమిదేళ్ల కూతురు సుజన. లోపలి గదిలో సుజన మంచం. మంచం తలవైపు గోడ మీద, సరిగ్గా దిండుకి జానెడు పైన, గొడుగంత నల్లటి మచ్చ.

"మూడు మాట్లు రంగేయించినాను మావయ్యా. మళ్లీ అదే సోటికి వచ్చేస్తంది," అన్నాడు ఉమామహేశ్.

గవరయ్య గోటితో పెయింటు గీరి చూశాడు. "గోడకి రెయిన్‌కోటు తొడిగినావు బావూ. లోపల సెమట పట్టదేటి?"

సునీత వంటింటి గుమ్మంలోంచే అంది. "డాక్టరు సెప్పేసినాడు బాబాయ్. ఈ గదిలో ఉంటే పిల్ల ఊపిరి బాగుపడదట. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం బండికి టిక్కెట్లు తీసినాం. నానూ ఇదీ పలాస ఎల్లిపోతాం. మా అమ్మ దగ్గిరే ఉండి, అక్కడే బళ్లో ఏస్తాను."

"తెలుగు అచ్చరం రాదు దానికి," అన్నాడు ఉమామహేశ్ నేలకేసి చూస్తూ.

"ఊపిరుంటే అచ్చరాలు అవే వస్తాయి," అంది సునీత.

డాకు ఉద్యోగం వదిలి ఉమామహేశ్ వెళ్లలేడు. గూట్లో దేవుణ్ణి వదిలి గురవమ్మ వెళ్లదు. బండి కదిలితే ఆ ఇల్లు రెండు ముక్కలే.

గురవమ్మ గురించి చెప్పాలి. ఆ తల్లి భక్తి మీద నాకు గౌరవం. ముందు గదిలో, అదే గోడకి అవతలి వైపు, దేవుడి గూడు ఉంది. అందులో మామగారు తెచ్చిన జానెడు నల్లరాతి నరసింహస్వామి. పొద్దున్నే తులసీ, పసుపూ, పచ్చకర్పూరం కలిపిన నీళ్లతో స్వామికి అభిషేకం చేస్తుంది. మొదట్లో రోజుకొక చెంబు. రెండేళ్ల కిందట మనవరాలికి దగ్గు మొదలైనప్పుడు మూడు చెంబులు మొక్కుకుంది. దగ్గు ముదిరితే ఏడు చేసింది. పిల్లని ఆసుపత్రిలో పెట్టినప్పటి నుంచి పదకొండు. ఇంకో విశేషం ఏమిటంటే, పోసిన నీళ్లు సాయంత్రానికి గూట్లో చుక్క కూడా మిగలవు. "సామి తాగేస్తన్నాడు," అని గురవమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. వచ్చినవాళ్లు చెంపలు వేసుకునేవాళ్లు.

జగ్గమ్మ ప్లాస్టిక్ పట్టా కట్టిన గదిలో గోడకి వీపు ఆనించి కూర్చుంది. సుజనని లోపలికి రానివ్వలేదు. ఆ పిల్ల గుమ్మం అవతల నిలబడి, రొప్పు ఆపుకుంటూ అడిగింది. "కాకీమా, గోడ నీతో ఏటి సెప్తంది?"

"ఇక సాలు, దాహం తీరిపోనాదంటంది," అంది జగ్గమ్మ. "నీ సేతిలో అదేటే?"

"శంఖం. నానమ్మది. నాను ఊదితే ఫుస్సుమంటది అంతే." ఊది చూపించింది. నిజంగానే ఫుస్సుమంది. ఆ సందులో సంధ్యవేళ ప్రతి ఇంట్లో శంఖం ఊదుతారు. పక్క బెంగాలీ ఇళ్లని చూసి గురవమ్మా నేర్చుకుంది. ఆ పిల్లకి ఉన్న కోరికల్లా ఒకసారి తనే ఊదాలని.

మధ్యాహ్నానికి మొదటి బక్కెట్టు నిండింది. జగ్గమ్మ ఒక చుక్క నాలికకి తగిలించింది. ఉమ్మలేదు. ఇంకో చుక్క తగిలించింది.

"ఉప్పేటి?" అన్నాడు గవరయ్య.

"కాదు."

"కుళాయా?"

"కాదు మావా." ఆవిడ గొంతు తగ్గించింది. "తులసి. పచ్చకర్పూరం."

గవరయ్య లేచి ముందు గదిలోకి వెళ్లి గూట్లోకి టార్చి వేసి చూశాడు. కొత్త టైల్సు. ఉమామహేశ్‌ని పిలిచి అడిగితే అసలు సంగతి తెలిసింది. గూట్లో నీళ్లు గోడ లోపలే పక్కగా సాగి సందులోకి పోవడానికి పూర్వం కట్టినవాళ్లు ఒక కన్నం పెట్టారు. ఆ కన్నంలోంచి పందికొక్కులు వస్తున్నాయని రెండేళ్ల కిందట ఉమామహేశ్ దాన్ని మూసి, పైన టైల్సు వేయించాడు. తర్వాత సందు వైపు పక్కింటివాళ్లు గోడ లేపేశారు. ఇప్పుడు ఆ కన్నం తెరిచే దారే లేదు. టైల్సు సందుల్లోంచి నీళ్లు గోడలోకి దిగుతున్నాయి.

"నా సేతుల్తోటే మూసినాను," అంటూ ఉమామహేశ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"మీ అమ్మకి ఎలా సెప్తాం?" అన్నాడు గవరయ్య. "ముసిల్ది తట్టుకోలేదు."

"సెప్పకపోతే పిల్ల దగ్గినప్పుడల్లా ఇంకో సెంబు కలుపుద్ది," అంది జగ్గమ్మ.

అంతలో గురవమ్మే టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. గ్లాసులు కిటికీలో పెట్టి బక్కెట్టు దగ్గరికి వచ్చి, వేలు ముంచి వాసన చూసింది. ఒక్కసారి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మో, తీర్థం! ఒరే మహేశూ, గోడలోంచి తీర్థం వస్తందిరా! అప్పన్న తండ్రి మన గోడలో ఉన్నాడు. ఎక్కడికీ ఎల్లక్కర్లేదు, ఆ టిక్కెట్లు సింపెయ్యండి!" రెండు చేతులూ ఎత్తి బక్కెట్టుకి దణ్ణం పెట్టింది.

జగ్గమ్మ ఆవిడ చేతులు పట్టుకుని మెల్లగా కిందికి దించి, అక్కని పిలిచినట్టు పిలిచింది.

"అప్పా, కూకో. సామి ఇవ్వట్లేదు. నువ్వు పోసిందే తిరిగిస్తన్నాడు."

గురవమ్మకి వెంటనే అర్థం కాలేదు. గోడకేసి చూసింది. గోడ అవతల గూడు ఎక్కడుందో, ఇవతల దిండు ఎక్కడుందో చూపులతోనే కొలుచుకుంది. పెదాలు కదిపింది. మూడు, ఏడు, పదకొండు.

"తాగలేదా?" అంది చివరికి.

"తాగలేదప్పా."

"నాను పోసింది..." గుమ్మం అవతల సుజన దగ్గుతోంది. గురవమ్మ జగ్గమ్మ పక్కన కూలబడి, ఆవిడ భుజం మీద తల ఆనించింది. ఆవిడ పైటలో మొహం దాచుకుని ఏడ్చింది. సునీతే వచ్చి, అత్త కిటికీలో పెట్టిన టీ గ్లాసులు తీసుకెళ్లి వేడిచేసి తెచ్చింది.

ఆ తర్వాత జగ్గమ్మ చీర మార్చుకుని పిండింది. గవరయ్య ఈసారి తనే చుక్క నాలికకి తగిలించి కంగారు పడ్డాడు. "ఇదేటే, ఇది ఉప్పగా ఉంది! నేల సెమ్మ కూడా ఉందేటి?"

"ఇది గోడది కాదులే మావా," అంది జగ్గమ్మ, ఆ నీళ్లు విడిగా ఒంపుతూ.

టీ తాగాక గురవమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "మరి సామికి రేపు ఏటి సెయ్యాలి? ఊరుకోమంటావా?"

"ఊరుకోడం దేనికి? మన సింహాచలంలో సామి ఏం సేస్తాడు? ఏడాది పొడుగునా సందనం కప్పుకునే కూకుంటాడు గదా. ఏడాదికి ఒక్క రోజే ఆ సందనం తీస్తారు. అప్పన్నకి లేని రోజూ తలంటు నీ సామికి మాత్రం ఎందుకప్పా? పాపం, రెండేళ్లబట్టి సలికి వణికిపోతన్నాడు."

గురవమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. నవ్వుతూనే లేచి, అటక మీద నుంచి అత్తగారి నాటి సానరాయి దించమని కొడుక్కి చెప్పింది.

మర్నాటి నుంచి ముందు గదిలో చెంబుల చప్పుడు పోయి, గంధం తీసే రాతి చప్పుడు మొదలైంది. లోపలి గదిలో గవరయ్య బూజు తడిపి గీకి, సంచుల్లో మూటకట్టి, సిమెంటు కొట్టేసి, బూజు మళ్లీ పట్టకుండా బోరాక్సు నీళ్లతో కడిగి, సున్నం పూశాడు. గీకడానికి ముందే జగ్గమ్మ మూడు రోజులు కూర్చుంది. ఆ గోడ నాలుగు బక్కెట్లిచ్చింది. అంత తీర్థం మోరీలో పోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఉమామహేశ్ డ్యూటీకి వెళ్లే ముందు ఒక్కొక్క బక్కెట్టే మోసుకెళ్లి గంగలో కలిపి వచ్చాడు. గవరయ్య మంచాన్ని గోడకి బెత్తెడు దూరం జరిపి, ఎండ కాసినప్పుడు కిటికీ తియ్యమని, వాన కురిసేటప్పుడు ముయ్యమని, మళ్లీ ఎవరు బతిమాలినా ప్లాస్టిక్ పెయింటు వెయ్యొద్దని చెప్పాడు.

ఆ వారమంతా సుజన ముందు గదిలో నానమ్మ పక్కన పడుకుంది. దగ్గు తగ్గింది. కానీ సునీత అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. బండెక్కాల్సిన ఆదివారం పొద్దున్నే రెండు పెట్టెలు కట్టి గుమ్మంలో పెట్టి, జగ్గమ్మని పిలిపించింది.

"నాకు దేవుడి మాటలూ వద్దు, మీటరు మాటలూ వద్దు పిన్నీ. నువ్వు ఓ గంట కూకో. నీ సీర నాను ముట్టుకుని సూస్తాను. తడి తగిలితే బండెక్కేస్తాం."

జగ్గమ్మ మనసులో అప్పన్నని తలుచుకుని, కొత్త సున్నపు గోడకి వీపు ఆనించింది. ఉమామహేశ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. గురవమ్మ గూటి ముందు కూర్చుని గంధం తీస్తూనే ఉంది. ఆ గంటసేపు రాతి మీద చెక్క తిరిగే చప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

గంట అయింది. సునీత వంగి జగ్గమ్మ వీపు మీద అరచెయ్యి ఆనించింది. తీసి, రెండో అరచెయ్యి ఆనించింది. తర్వాత చెంప ఆనించి చూసింది. లేచి గుమ్మంలోకి వెళ్లి, పెట్టెకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం హౌరాలో బండి వేళకే కదిలింది. వెయిటింగు లిస్టులో ఉన్నవాళ్లెవరికో రెండు బెర్తులు దొరికాయి. ఎవరి గోడ ఆరితే తమకి చోటు దక్కిందో పాపం వాళ్లకి తెలీదు. సరిగ్గా ఆ వేళకి ఖిదిర్‌పూర్ సందులో దీపాలు పెట్టారు. ఒక్కో ఇంట్లోంచి శంఖం మోగింది. అన్నీ మోగి ఆగిపోయాక ఉమామహేశ్ ఇంటి అరుగు మీద నుంచి ఒకసారి ఫుస్సుమని వినిపించింది. రెండోసారీ ఫుస్సుమంది. మూడోసారి సన్నగా మొదలై, వణికి, నిలబడి, సందు చివర పాన్ కొట్టుదాకా వెళ్లింది. పాన్ కొట్టాయన చేతులు జోడించాడు.

గూటి ముందు గురవమ్మ చెయ్యి ఆగింది.

"ఆర్ ఏక్‌బార్!" అని అరిచింది సుజన బయటి నుంచి. "నానమ్మా, ఇంకోసారి ఊదుతాను, విను!"