కంచె దాటిన జింక

డెల్మార్ ఫోన్ చేసేసరికి పొద్దున తొమ్మిది కావస్తోంది. నేను పాల మిషన్లు కడుగుతున్నాను.

"జింకను వేశాను లీలాండ్. సరిగ్గా ఊపిరితిత్తుల్లో తగిలింది. కానీ దొరకడంలేదు," అన్నాడు.

ఊపిరితిత్తుల్లో తగిలిన జింక దొరక్కపోవడమంటూ ఉండదు. నూరు గజాలు దాటకుండానే పడిపోతుంది. ఆ మాట ఫోన్లో అనలేదు. అరవై మూడేళ్ల మనిషి, నాకంటే ఎక్కువ జింకల్నే కొట్టాడు. టాయిలెట్ పేపర్ చుట్ట ఒకటి జేబులో వేసుకుని పికప్‌లో వెళ్లాను.

బాణం అతని బండి బానెట్ మీద పెట్టి ఉంది. తీసి వాసన చూశాను. పుల్లటి కంపు. ఈకల దగ్గర నల్లబడిన ఎరుపు, కాడ పొడవునా పచ్చటి జిగురు.

"ఇది పొట్ట. మహా అయితే కాలేయం అంచు."

"ఆ కొసన కాస్త ఊపిరితిత్తుల నురగ ఉంది, చూడు."

"లేదు."

"పొద్దున ఉంది."

"తోక ఎలా పెట్టుకుని పోయింది?"

డెల్మార్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "దించుకుని. వీపు గూనిలా వంచుకుని."

"ఉరికిందా?"

"నడిచింది."

"మంచె ఎంతసేపటికి దిగావు?"

"అరగంట ఆగాను."

నేను బాణం మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"సరే, పదిహేను నిమిషాలు," అన్నాడు.

పొట్టలో తగిలినదాని వెంట వెంటనే పడకూడదు. దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. అలా వదిలేస్తే పడుకున్నచోటే పోతుంది. మనిషి అలికిడి తగిలితే మాత్రం లేస్తుంది, ఇక ఎంత దూరం పోతుందో దానికే తెలియదు. ఇది మా లోయలో పదేళ్ల పిల్లలకు కూడా తెలుసు. డెల్మార్‌కూ తెలుసు. ఇంకొకరి బాణమైతే అతనూ ఇదే చెప్పేవాడు.

మొదటి పడక చూపించాడు. ఓక్ చెట్ల కింద గడ్డి అణిగి ఉంది, అరచేయంత రక్తం గడ్డకట్టి ఉంది. అతను వెళ్లినప్పుడు అది ఇంకా వెచ్చగానే ఉందట. పొదల వెనక కొమ్ములు కదలడం కూడా చూశాడట.

"మధ్యాహ్నం దాకా కదలొద్దు," అన్నాను.

"సాయంత్రానికి వానంటున్నారు రేడియోలో."

"విన్నాను."

"వాన పడితే రక్తం మిగలదురా."

"తెలుసు. నువ్వు ఇందాక ఆగి ఉంటే ఇప్పుడు వానతో పనుండేది కాదు."

అతని వంటింట్లో కూర్చున్నాం. కాఫీ రెండుసార్లు కాచాడు. ప్రతి పది నిమిషాలకూ లేచి కిటికీలోంచి పడమటి మబ్బు చూసి వచ్చాడు. విల్లు తలుపు వెనక కొయ్యకు వేలాడుతోంది. డెల్మార్ వాళ్ల ఇంటిపేరు కోల్‌స్టాడ్. ఆ ఇంట్లో తండ్రి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వేసినవాడే వెతకాలి. వెతికి తేలేనివాడు ఆ ఏడు మళ్లీ విల్లు ముట్టకూడదు. ఇంకోటి కూడా ఉంది. ముందు ఎవరి కంట పడితే గుండె వాళ్లది. ముసలాయన పోయి పన్నెండేళ్లయినా ఆ మాట దాటిన కోల్‌స్టాడ్‌ను నేను చూడలేదు. డెల్మార్‌కు ఇంతవరకు ఒక్క జింకా తప్పిపోలేదు.

రెండింటికి బయలుదేరాం. మేపుల్ ఆకులు రాలిపోయి నేలంతా ఎర్రగా ఉంది. ఆ ఆకులకు వాటంతటవే ముదురు మచ్చలు పడతాయి, రక్తమేదో మచ్చేదో కంటికి తేలదు. వేలు తడిచేసి రుద్దాలి. రక్తమైతే వేలికంటుతుంది. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్క ఆకే రుద్దుకుంటూ పోయాను. చుక్క దొరికినచోటల్లా డెల్మార్ కొమ్మకు కాగితం ముక్క తగిలించాడు. వెనక్కి చూస్తే ఆ తెల్లముక్కల వరస జింక ఎటు పోతోందో చెబుతోంది. వాలు దిగి, తూర్పుకు.

తూర్పున ముళ్లకంచె. మధ్య తీగకు నాలుగు తెల్లటి వెంట్రుకలు అంటుకున్నాయి, పొట్టకింది వెంట్రుకలు. అవతల రాతిమీద మిరియపు గింజంత చుక్క.

డెల్మార్ ఆ చుక్కను చూస్తూ నిలబడిపోయాడు. అవతలిది అన్న ఎర్విన్ పొలం. ఇద్దరి మధ్యా మాటల్లేక పదకొండేళ్లు. చర్చిలో ఒకరు కుడి బల్లల్లో, ఒకరు ఎడమ బల్లల్లో. దాణా మిల్లు దగ్గర ఒకడి బండి కనిపిస్తే రెండోవాడు అది కదిలేదాకా రోడ్డు మీదే ఆగుతాడు.

"ఈ వేళప్పుడు వాడు కొట్టంలో ఉంటాడు. అరగంటలో వెళ్లి వచ్చేయొచ్చు," అన్నాడు డెల్మార్.

"నేను రాను."

"జింక నాది."

"నేల అతనిది." విస్కాన్సిన్ చట్టం కూడా అదే చెబుతుంది. కానీ నేనన్నది చట్టం చూసుకుని కాదు.

"పోనీ నువ్వెళ్లి అడుగు."

"వేసింది నేనా?"

అతను పడమటికి చూశాడు. మబ్బు గుట్టల మీదికి వచ్చేసింది. తర్వాత బండి దగ్గరికి నడిచాడు.

తలుపు తీసింది ఎర్విన్ భార్య ఓపల్. మరిదిని గుమ్మంలో చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు వదినా. జింక."

"జింక పోయిందా?"

"అదింకా తెలియదు."

ఎర్విన్ లోపలినుంచి మేజోళ్లతోనే వచ్చాడు. తమ్ముడి వైపు చూడలేదు. నన్నడిగాడు. "బాణం తెచ్చారా?"

ఇచ్చాను. వాసన చూసి మొహం చిట్లించాడు. "ఎంతసేపటికి దిగాడు?"

"పదిహేను నిమిషాలు," డెల్మారే చెప్పాడు.

అప్పుడు చూశాడు ఎర్విన్. "అమ్మ కేకు పెడితే ఉడికిందో లేదోనని పొయ్యి తలుపు తీసి తీసి అణగ్గొట్టింది నువ్వే కదరా?"

"అప్పుడు నాకేడేళ్లు."

"ఇప్పుడు అరవై మూడు. ఏం మారింది?"

డెల్మార్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నీ పొలంలోకి దిగింది. వెతకనిస్తావా, లేదా?"

ఎర్విన్ గుమ్మం పక్కనున్న రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చాడు. "నేను లేకుండా నా పొలంలో ఎవరూ తిరగరు. పదండి."

"గొడవపడకండి," అంది ఓపల్ వెనకనుంచి. "పడితే అక్కడే పడి రండి. ఇంటికి తేవద్దు."

కంచె దగ్గర్నుంచి ఇంకో రెండువందల గజాలు చుక్కలు దొరికాయి. తర్వాత లేవు. నేను గుండ్రంగా తిరిగి వెతికాను, మళ్లీ ఇంకొంచెం పెద్దగా తిరిగాను. ఏమీ లేదు. మెడమీద మొదటి వానచుక్క పడింది.

"పొట్ట మండుతుంటుంది దానికి. నీళ్లకే పోతుంది," అన్నాడు ఎర్విన్.

ఆ పల్లంలో నీళ్లంటే ఒక్కటే చోటు. ఊట. తండ్రి పోయాక పొలం పంచుకున్నప్పుడు ఊట ఎర్విన్ వైపు పడింది. డెల్మార్ ఆవులు అలవాటుగా వచ్చి అందులోనే తాగేవి, గట్టంతా తొక్కేసేవి. ఒక వసంతంలో ఎర్విన్ ముళ్లతీగ కట్టి గేటుకు గొలుసు వేశాడు. పదకొండేళ్ల మౌనానికి మూలం అదే. ఇప్పుడు ఇద్దరిలో ఎవరూ దాని పేరెత్తలేదు. అటువైపే నడిచారు.

రెల్లు గడ్డి నడుమెత్తున ఉంది. ఎర్విన్ ముందు, డెల్మార్ ఐదారు అడుగుల వెనక, నేను పక్కగా. గట్టు దగ్గర ఎర్విన్ ఆగాడు. అతని కళ్లు ఒకేచోట నిలిచాయి. నేనటు చూశాను. గడ్డిలో ఎండుకొమ్మ లాంటిదొకటి, ఎండుకొమ్మ కానిది.

ఎర్విన్ కిందికి వంగాడు. "నడు నువ్వు. బూటు లేసు ఊడింది."

డెల్మార్ అతన్ని దాటి నాలుగడుగులు వేశాడు.

"ఇదిగో!" చెయ్యి చాచి చూపించాడు. "ఇదిగో, ఇక్కడుంది!"

మూతి నీళ్లలో పెట్టి పడి ఉంది. ఎనిమిది కొనల కొమ్ములు. డెల్మార్ గడ్డిపరకతో దాని కంటిని తాకాడు. రెప్ప పడలేదు.

ఎర్విన్ కాళ్లకున్నవి రబ్బరు బూట్లు. వాటికి లేసులుండవు. డెల్మార్ ఆ సంగతి గమనించాడో లేదో తెలియదు, నేను చెప్పలేదు.

చెరో కొమ్మూ పట్టుకుని దాన్ని ఊటకు దూరంగా లాగారు. పొట్ట కోసి శుభ్రం చేశాక డెల్మార్ గుండెను రొట్టె కవరులో పెట్టి అన్న వైపు చాచాడు.

"చూసింది నువ్వు. గుండె నీది," అన్నాడు ఎర్విన్.

డెల్మార్ కవరును జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఊట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రక్తం పడ్డ ఆకుల్నీ బురదనూ దోసిళ్లతో ఎత్తి బయట పోశాడు. నీళ్లు తేటపడేదాకా పోశాడు. ఎర్విన్ చూస్తూ నిలబడ్డాడు. వాన పెరిగింది.

డెల్మార్ పొలంలోకి దగ్గర దారి ఆ గేటే. గొలుసు తుప్పుపట్టి ఒకే ముద్దయింది. ఎర్విన్ తాళంచెవి తిప్పితే చెవే వంగింది.

"కోయాలి దీన్ని," అన్నాడు ఎర్విన్.

"నా దగ్గర కట్టరుంది," అన్నాడు డెల్మార్.

"తెలుసు. అది నాదే."

"రేపు తెస్తాను."

ఎర్విన్ వంగి గేటు పక్కన కంచె కింది తీగను రెండు చేతులతో పైకెత్తాడు. మేమిద్దరం జింకను దాని కిందినుంచి లాగాం.